పాలగ్లాసు ఎవరి బాధ్యత?

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 6:1–6



మన పాలమూరుకు ఆ పేరు పాలను బట్టియే వచ్చెనని పెద్దలు చెప్పుదురు. అది ఎట్లున్నను, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో నేటికిని తెల్లవారకముందే పాలకేంద్రము నొద్ద క్యానులు నిండుచున్నవి. అయితే ఆ బర్రెను మేపిన ఇంటి బిడ్డ ఎన్నోసార్లు పాలు లేని చాయ్ త్రాగి బడికి పోవుచున్నాడు.

ఈ విషయములో నేను చేసిన ఒక తప్పును మీ యెదుట ఒప్పుకొనవలెను. మా సంఘములో ఒక తల్లి పాలన్నియు కేంద్రమునకు పోసి, బిడ్డకు ఒక్క గ్రుక్కెడైనను ఉంచెడిది కాదు. ఒక ఆదివారము ప్రసంగములో, బిడ్డ నోరు కొట్టి డబ్బు కూర్చుకొందురా అని గద్దించితిని. పేరు చెప్పలేదు గాని అందరికిని తెలిసినది. ఆమె తల వంచుకొని కూర్చుండెను. ఆ వారము వారి ఇంటికి ప్రార్థనకు పోగా ఆమె ఇట్లనెను: “అయ్యగారూ, బిడ్డకు పొయ్యాలని నాకు లేదా? వాళ్ల నాయన మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీర్చనీకి పూణే పోయిండు. బర్రె కిస్తు కట్టి, దాణ తెస్తే ఉప్పుకు పప్పుకు మిగలదు.” నాకు నోట మాట రాలేదు. మరుసటి ఆదివారము సంఘము ఎదుటనే ఆమెను క్షమాపణ వేడుకొంటిని.

నాటి నుండి ఒక ప్రశ్న నన్ను విడువలేదు. తల్లి పోయలేనప్పుడు ఆ గ్లాసు ఎవరు నింపవలెను?

ప్రభుత్వము పాలు పోయుచు, అన్నము పెట్టుచు పోయినచో జనులు సోమరులగుదురని కొందరు పెద్దలు అందురు. పని చేయనొల్లనివాడు భోజనము చేయకూడదని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మాటను చూపుదురు. ఆ మాట పని చేయనొల్లనివానికే గాని, ఎనిమిదేండ్ల పిల్లవానికి కాదు. మరియు మన జిల్లాల కూలివారిని సోమరులని ఎవరనగలరు? బొంబాయిలో, పూణేలో వారు మోయని ఇటుక కలదా?

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చూడుడి. పొలములో మరచిన పన తిరిగి తెచ్చుకొనకూడదు. అది పరదేశికిని తండ్రిలేనివానికిని విధవరాలికిని చెందును. దేవుడు దానిని యజమానుని దయకు విడువక ధర్మశాస్త్రములో వ్రాయించెను. రోమా 13వ అధ్యాయములో పౌలు అధికారిని మన మేలు కొరకైన దేవుని పరిచారకుడుగా చూపుచున్నాడు. బిడ్డ ఎముక గట్టిపడుటకంటె ప్రజలకు మేలేమున్నది? పైగా ఆ కూలితల్లి సబ్బుబిళ్ల కొనినప్పుడెల్ల పన్ను కట్టుచునే యున్నది. కాబట్టి బడిలో పోయు పాలు భిక్షము కాదు, తీర్చవలసిన ఋణము.

ఇది జరుగని పని కాదు. గద్వాలకు పడమట సరిహద్దు దాటిన రాయచూరు కర్ణాటకలోనిది. ఆ రాష్ట్రము 2013 ఆగస్టు 1న క్షీరభాగ్య అను పథకము ఆరంభించి, ప్రభుత్వ బడిపిల్లలకు 150 మిల్లీలీటర్ల పాలు ఏర్పాటు చేసెను. పాడిరైతుల సహకార సంఘముల పాలు పొడియై బడికి చేరును. అందువలన రైతుకును బిడ్డకును మేలే. మన తెలంగాణలో 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణులకును బాలింతలకును అంగన్వాడీలో భోజనముతో గ్రుడ్డును, 200 మిల్లీలీటర్ల పాలను నియమించెను. బడిలో వండిన భోజనము పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆజ్ఞాపించగా, 2013 ఆహార భద్రత చట్టము దానిని బిడ్డల హక్కుగా చేసెను.

అయితే చట్టము చేసినంతనే పాలు బిడ్డ నోటికి చేరవు. 1950, 60లలో యూనిసెఫ్, కేర్ సంస్థలు పంపిన పాలపొడిని అనేక బడులలో కలిపి పోసిరి. మా అమ్మమ్మ కూడ చిన్ననాడు ఆ పాలు త్రాగినది. కాని ఆ బడిలో మన పిల్లలకు వేరు వరుస; గ్లాసు తగులకుండ పైనుండి పోసెడివారట. పాలు మంచివే గాని, పోసిన చేతిలో ప్రేమ లేదు. ముసలితనములో సయితము ఆమె ఆ పాల రుచిని చెప్పలేదు, ఆ వరుసనే చెప్పెను. భోజనపథకపు వంటపనిలో దళితులకు ప్రాధాన్యమియ్యవలెనని సుప్రీంకోర్టు 2004లో చెప్పవలసి వచ్చినదంటే, ఆ వరుస గుర్తు ఇంకను చెరిగిపోలేదన్నమాట.

యెరూషలేము సంఘములో అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూచిరి. ఉచితముగా దొరకునది కదా, ఊరకుండుడని అపొస్తలులు అనలేదు. మంచి పేరుగల ఏడుగురిని ఆ పనికే ఏర్పరచిరి. వడ్డన సరిచూచుటయు పరిశుద్ధాత్మతో నిండినవారి పనియే.

కాబట్టి సహోదరులారా, ఇచ్చుట ప్రభుత్వము బాధ్యత. అడుగుటయు, చూచుటయు మన బాధ్యత. సంఘపెద్దలు నెలకొకసారి బడికి పోయి పిల్లలతో కూర్చుండి తినుడి. పాలలో నీరు ఎక్కువైనదా, వరుసలో ఎవరైనను వెనుకకు నెట్టబడిరా చూడుడి. లోపమున్నచో ఉపాధ్యాయునితో నెమ్మదిగా మాట్లాడుడి. వినకున్న అధికారికి వ్రాయుడి. అది మన బిడ్డలకొరకు మాత్రమే కాదు, ఊరి బిడ్డలందరికొరకును.

చిన్నవారిలో ఒకనికి గిన్నెడు చన్నీళ్లిచ్చినవాని ఫలము పోదని ప్రభువు సెలవిచ్చెను. గ్లాసెడు పాలు దారిలో దొంగిలింపబడుచుండగా చూచి ఊరకున్నవానిని ఆయన ఏమని అడుగునో ప్రతివాడును ఆలోచించుకొనును గాక. ఆమేన్.