ఎంగిలి వేరు, అంటు వేరు

మన తెలుగులో రెండు మాటలున్నాయి. ఒకటి ఎంగిలి, ఇంకోటి అంటు. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. ఎంగిలి నోటితో వచ్చేది. ఆసామి కొరికిన జామకాయ ఎంగిలే, పాలేరు కొరికిన జామకాయా ఎంగిలే. కడిగితే పోతుంది. అంటు అట్లా కాదు. అది పుట్టుకతో అంటగట్టేది. ఎన్ని బిందెల నీళ్లు పోసినా పోదు. మా చెయ్యి ఎంత శుభ్రంగా ఉన్నా, ఎదుటివాడి చెయ్యి ఎంత మురికిగా ఉన్నా, కడగాల్సింది మాత్రం మేం ముట్టుకున్న చెంబునే. "శుభ్రం కోసమేలే" అని మాకు చెబుతూ వచ్చారు. అంటుకు ఎంగిలి ముసుగేసి చెప్పిన మాట అది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా తాత చెప్పులు కుట్టాడు, చచ్చిన గొడ్డును మోశాడు. మా నాయన కూలికి పోయాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. డీఎస్సీ రాసి గవర్నమెంటు బళ్లో పంతుల్నయ్యాను. మా తాత ఊళ్లో దాహమని అడిగితే బిందె పైకెత్తి దోసిట్లో నీళ్లు పోసేవాళ్లు. మా నాయన కాలానికి టీకొట్టు వచ్చింది, దాంతో రెండు గ్లాసులొచ్చాయి. మా గ్లాసు చూరులో దోపి ఉండేది. మేమే తీసుకోవాలి, తాగాలి, కడిగి మళ్లీ అక్కడే దోపాలి. నా కాలానికి ప్లాస్టిక్ కప్పులొచ్చాయి. "ఇంకేం, మా ఊళ్లో రెండు గ్లాసుల్లేవు" అని పెద్దమనుషులు గొప్పగా చెప్పుకున్నారు. నిజమే, లేవు. తాగి పారేసే కప్పుకి ఎవరి అంటూ నిలవదు. గ్లాసు పోయింది. దాన్ని వేరుగా దోపించిన బుద్ధి పోయిందా?

జపాను ప్రభుత్వం బయటి దేశాల టీచర్లకు ఏడాదిన్నర శిక్షణ కోసం స్కాలర్‌షిప్పు ఇస్తుంది. వయసు ముప్పై అయిదు దాటకూడదు, అయిదేళ్లు పాఠాలు చెప్పి ఉండాలి. అది నాకొచ్చింది. 2022 అక్టోబరులో ఒసాకా వెళ్లాను. నాతోపాటు ఫిలిప్పీన్సు నుంచి ఒక టీచరమ్మ, బ్రెజిల్ నుంచి ఒకాయన ఉండేవాళ్లు. మాకు తోడు ఒక జపాను మాస్టారు. నెలకోసారి స్కాలర్‌షిప్పు డబ్బులు పడగానే నలుగురం కలిసి ఇజకాయకి పోయేవాళ్లం.

ఇజకాయ అంటే మన కల్లుపాకనీ కాకాహోటల్నీ కలిపితే ఎట్లుంటుందో అట్లాంటిది. ముందు ఎర్ర కాగితపు లాంతరు వేలాడుతుంది, గుమ్మానికి గుడ్డతెర. లోపలికి అడుగు పెట్టగానే వంటవాళ్లూ వడ్డించేవాళ్లూ ఒక్క గొంతుతో "ఇరష్షైమాసే" అని కేకేస్తారు. రండి రండి అని. మొదట్లో ఆ కేక వింటే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి, నా వెనక ఎవరైనా గొప్పాయన వస్తున్నాడేమోనని. కూర్చోగానే చేతులు తుడుచుకోమని తడిగుడ్డ ఇస్తారు. అందరికీ ఇస్తారు. అడక్కుండానే చిన్న గిన్నెల్లో ఏదో తినేది పెడతారు, దానికి బిల్లులో డబ్బులు పడతాయి. తెప్పించినవి మాత్రం బల్ల మధ్యలో పెడతారు. కాల్చిన కోడి, ఉడికించిన పచ్చి సోయా కాయలు, చేపలు, అన్నీ అందరివీ. పొగ, నవ్వులు, అరుపులు. పక్క బల్లవాళ్లు కూడా పలకరిస్తారు.

అక్కడ ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోవడం మర్యాద కాదు. పక్కవాడి గ్లాసు ఖాళీ అయితే నువ్వు పొయ్యాలి. నీది ఖాళీ అయితే అతను పోస్తాడు. పోసేటప్పుడు గ్లాసు ఎత్తి పట్టుకోవాలి. మొదటిసారి ఆ జపాను మాస్టారు నాకు పోస్తుంటే మా తాత దోసిలి గుర్తొచ్చింది. మా తాతకు నీళ్లు పోసినవాడు ఎన్నడూ మా తాత చేత పోయించుకుని తాగలేదు. ఇక్కడ సీసా చేతులు మారుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఒసాకాలో షిన్‌సెకాయ్ అని ఒక పేట ఉంది. అక్కడ పుల్లలకు గుచ్చి నూనెలో వేయించిన మాంసం, కూరగాయలు తింటారు. కుషికత్సు అంటారు. బల్ల మీద అందరికీ కలిపి ఒకే డబ్బాలో పులుసులాంటి సాసు ఉంటుంది. గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది: రెండోసారి ముంచరాదు. కొరకకముందు ఒక్కసారే ముంచాలి. ఇంకా కావాలంటే క్యాబేజీ ఆకుతో తోడుకోవాలి. కరోనా తర్వాత చాలా కొట్లల్లో డబ్బాలు తీసి సీసాలు పెట్టారు. మేం పోయిన కొట్లో డబ్బానే ఉంది. ఆ బోర్డు నేను చాలాసేపు చూశాను. ఎంగిలిని వాళ్లూ ఒప్పుకోరు. కానీ కట్టడి అందరికీ ఒక్కటే. కొరికిన నోరు ఎవరిదైనా కాయకష్టం చేసేవాడిదీ కంపెనీ యజమానిదీ ఒకే లెక్క. కొరకని పుల్ల ఎవరి చేతిలో ఉన్నా డబ్బాలోకి పోవచ్చు. ఫలానా వీధివాళ్లు అసలు ముంచరాదు అని ఆ బోర్డు మీద లేదు. ఇదిగో, ఎంగిలి అంటే ఇంతే.

2023 చలికాలంలో ఒకరాత్రి మాతో ఒక తెలుగాయన కూడా వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, సాఫ్ట్‌వేరు ఉద్యోగం. కలుపుగోలువాడు. తనే దొతేయాకి తెప్పించాడు. పశువు నరాల మాంసాన్ని మిసో ముద్దలో గంటలకొద్దీ ఉడికించేది అది. మా ఇంట్లో పెద్దకూరే. "తినండి మాస్టారూ, అదిరిపోద్ది. మనూరోళ్లకి చెప్పమాకండి" అని నవ్వాడు. ఇద్దరం ఒకే గిన్నెలోంచి తిన్నాం. పెద్దకూర తినబట్టే మిమ్మల్ని దూరం పెట్టారని మాకు నీతులు చెప్పేవాళ్లున్నారు. మరి ఆయనా తిన్నాడు కదా, ఆయనకు అంటు రాలేదేం?

కాసేపటికి అడిగాడు. "ఇంతకీ మీ ఇంటిపేరేంది మాస్టారూ?" చెప్పాను. దాంతో ఆయనకు తేలలేదు. "అంటే ఊళ్లో ఎటువైపు?"

"మాదిగపల్లెండీ."

"ఓహో, మంచిది మంచిది" అన్నాడు. మాటలో తేడా లేదు. నా గ్లాసు కూడా నింపాడు. కానీ అప్పటిదాకా మధ్య పళ్లేల్లో తింటున్న మనిషి, తన వరకు ఒక అన్నం గిన్నె తెప్పించుకుని అదే తిన్నాడు. ఇజకాయలో చివరికి అన్నమో నూడుల్సో తినడం అలవాటే. కడుపు నిండిందేమో. చలికి వేడన్నం తినబుద్ధయిందేమో. లేక నేను చెప్పిన మాటకేమో. నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఆయనకి ఆ రాత్రి ఎప్పుడో మర్చిపోయిన రాత్రి. నాకు మాత్రం "ఏమో" మిగిలింది. ఈ "ఏమో"ని మోసే కూలి మాకు మాత్రమే ఎందుకు పడాలి? చెంబు కడిగితే కనపడుతుంది, తగాదా పెట్టుకోవచ్చు. "ఏమో"తో ఎవరు తగాదా పెట్టుకుంటారు?

తెలుగాయన వెళ్లాక జపాను మాస్టారు అడిగాడు, ఆయనేం అడిగాడని. చెప్పాను. ఆయన పుల్లలు కింద పెట్టి, గొంతు తగ్గించి, "మా దగ్గరా ఊరే అడుగుతారు, సంబంధాలు చూసేటప్పుడు" అన్నాడు.

వాళ్లను బురాకు జనం అంటారు. తోలు పని, గొడ్డు కోసే పని చేసినవాళ్లు. మనిషి అదే, భాష అదే, రంగు అదే. పుట్టిన పేట ఒక్కటే గుర్తు. 1871లో సర్కారు ఆ నీచపు పేర్లను రద్దు చేసింది. 1872లో చక్రవర్తే గొడ్డుమాంసం తిన్నాడు. తిన్నవాడు నాగరికుడయ్యాడు, తోలు తీసినవాడు మాత్రం అక్కడే ఉన్నాడు. 1975లో బురాకు పేటల పేర్లన్నీ రాసిన చిట్టాలు బయటపడ్డాయి. ఉద్యోగాలిచ్చే ముందు చూసుకోడానికి కంపెనీలు వాటిని దొంగతనంగా కొనుక్కున్నాయి. 2016లో కూడా ఈ వివక్ష మీద కొత్త చట్టం చెయ్యాల్సొచ్చింది.

వాళ్లలో ఒక వాదం ఉంది. నిద్రపోయే బిడ్డను లేపొద్దు అంటారు. ఎవరూ మాట్లాడకుంటే కొన్నాళ్లకు అందరూ మర్చిపోతారని. వినడానికి బాగానే ఉంది. బిడ్డ నిద్రపోతున్నాడు సరే, చిట్టా రాసేవాడు నిద్రపోయాడా?

1906లో షిమజాకి తోసోన్ ఒక నవల రాశాడు, పేరు హకాయ్. అందులో నాయకుడు నాలాగా బడిపంతులే. పుట్టుక ఎవరికీ చెప్పొద్దని తండ్రి ఆన పెడతాడు. చివరికి అతను తన పిల్లల ముందు మోకాళ్ల మీద పడి, ఇన్నాళ్లూ దాచినందుకు క్షమించమంటాడు. తర్వాత దేశమే విడిచిపోవడానికి సిద్ధపడతాడు. ఆ కథ తెలిసినప్పట్నుంచీ నన్ను ఒక్కటే తొలుస్తోంది. అతనెందుకు క్షమాపణ అడగాలి? దాక్కునేటట్టు చేసినవాళ్లు కదా అడగాల్సింది? పదహారేళ్ల తర్వాత, 1922 మార్చి 3న, క్యోటోలో బురాకు జనం సుయిహెయ్‌షా అనే సంఘం పెట్టారు. అందరూ సమంగా నిలవాలన్నదే ఆ పేరులోని అర్థం. ఏ పేరుతో తిట్టారో ఆ పేరునే గర్వంగా చెప్పుకుంటామన్నారు. మోకాళ్ల మీంచి లేచి నిలబడ్డం అంటే అదీ.

కలిసి తిన్నంత మాత్రాన కులం చావదని అంబేద్కర్ 1936లోనే కులనిర్మూలనలో చెప్పాడు. కలిసి తినే కులాలున్నాయి, అయినా కులం ఉంది, పెళ్లిళ్లు కలవాలి అన్నాడు. అది నిజం. అట్లాగని ఇజకాయ బల్ల అబద్ధమని నేను అనను. అక్కడ ఎన్నో రాత్రులు కడుపునిండా తిన్నాను, భుజాలు దించుకుని కూర్చున్నాను. మా తాతకు ఒక్క పూట కూడా దొరకని సుఖం అది. కానీ ఆ సుఖం నేనెవరో తెలియనంత వరకు. ప్లాస్టిక్ కప్పు ఇచ్చిన సమానత్వం లాంటిదే అది కూడా. పేరు విన్న తర్వాత కూడా చెయ్యి అదే గిన్నెలోకి వస్తేనే అది సమానత్వం.

మరి చెప్పాలా, వద్దా? చెప్పకపోతే మోసం అనే హక్కు ఎవరికీ లేదు. అద్దె ఇంటి కోసం, ఉద్యోగం కోసం నోరు మూసుకున్న మావాళ్లను నేను తప్పు పట్టను. ఇల్లు దొరక్కపోతే వానలో నిలబడేది వాళ్లే. నేను మాత్రం చెబుతాను. అది ఒప్పుకోలు కాదు, నా చిరునామా. పరీక్ష నాకు కాదు, విన్నవాడికి.

2024 మార్చిలో తిరిగొచ్చాను. మా బళ్లో మధ్యాహ్న భోజనం వండే అమ్మ మాలపల్లె ఆమె. ఆరుగురు పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకునేవాళ్లు. "మా వాడికి బడి అన్నం పడదండీ" అని పెద్దలు చెబుతారు. రోజూ నేను పిల్లల వరసలోనే కూర్చుని ఆమె వండిందే తింటాను. నాలుగో తరగతికి ఒసాకా సాసు డబ్బా సంగతి పాఠంలా చెప్పాను. పిల్లలు బాగా నవ్వారు. ఆరుగురిలో ఇద్దరు ఇప్పుడు పళ్లెం పట్టుకుని వరసలోకి వస్తున్నారు. నలుగురు ఇంకా రావడంలేదు. వాళ్లలో ఒకడు మొన్న అడిగాడు, "సార్, ఎంగిలైతే కడుక్కుంటాం. మరి అంటు ఎట్టా కడుక్కోవాలి?"

"మీ ఇంట్లో అడిగిరా నాయనా" అన్నాను. "వాళ్లేం చెప్పారో రేపు నాకు చెప్పు."