అంబలపుళ పాయసపు ఋణము

కేరళదేశమున ఆలప్పుళకు సమీపముననున్న అంబలపుళ క్షేత్రమునందు శ్రీకృష్ణస్వామి పార్థసారథియై కుడిచేత కొరడాను, ఎడమచేత శంఖమును ధరించి వెలసియున్నాడు. అచ్చటి పాల్పాయసము మిక్కిలి ప్రసిద్ధము. దానినిగూర్చి భక్తులు చెప్పుకొను గాథ యొకటి కలదు.

ఆ ప్రాంతమునేలిన చెంబకశ్శేరి రాజునకు చదరంగమన్న అమితప్రీతి. ఒకనాడొక ముని కొలువునకు వచ్చి ఆటకు పిలిచెను. పందెముగా ఆయన కోరినది బియ్యము. మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపుగా అరువదినాలుగు గడులును నింపవలెను. ఇంత అల్పమైన కోరికయా అని రాజు నవ్వెను. ఆడెను, ఓడెను.

గింజలు తెప్పించిరి. పది గడులకు మొత్తము 1,023 గింజలు, గుప్పెడైనను లేవు. గ్రామునకు నలుబది గింజలనుకొన్నచో, ఇరువది గడులకు ఇరువదియారు కిలోలు. రాజునకింకను నవ్వే! పలకలో సగము నిండునప్పటికి నూటయేడు టన్నులైనవి. గాదెలు తరిగినను రాజ్యమునకు లోటు రాలేదు. చిక్కంతయు రెండవ సగముననే యున్నది. ఏ గడిని చూచినను అందలి గింజలు, దానికి ముందున్న గడులన్నిటి మొత్తముకంటె ఒకటి ఎక్కువ. అరువదినాలుగింటికి వచ్చు లెక్క 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. నేడు ప్రపంచమంతయు ఏటేట పండించు బియ్యము ఏబది కోట్ల టన్నులకు కొంచెము పైన. ఆ పందెము చెల్లుటకు అట్టి పంటలు దాదాపు తొమ్మిదివందలు కావలెను!

మానవబుద్ధికి కూడిక అలవాటు, రెట్టింపు పట్టుబడదు. చక్రవడ్డీకి అప్పుచేసిన గృహస్థునకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. అయినను లెక్క తెలిసినవారు సైతము ఈ గాథను మరల విన్నప్పుడు మొదటిసారివలెనే విస్తుపోవుదురు. తెలిసి మోసపోవుటలోని ఆ ఆనందము చిత్రమైనది.

మూడడుగుల నేలయేనా అని బలిచక్రవర్తియు ఇట్లే అనుకొనెను. కాని ఆయనను హెచ్చరించుటకు శుక్రాచార్యుడుండెను, తెలిసియే ధారపోసెను. ఈ రాజునకు అట్టి గురువు లేడు. బియ్యము నిండుకొన్న పిదపగాని తెలియలేదు. మాట తప్పుటకు మనసొప్పదు; చెల్లింతమన్న భూమిమీద అంత ధాన్యము లేదు. రాజు తల వంచి నిలిచెను.

అప్పుడు ముని శ్రీకృష్ణుడై సాక్షాత్కరించెను. ఋణమును మాపివేయలేదు, ఒక్కమారుగా తీర్చుమనియు అనలేదు. తన సన్నిధికి వచ్చు యాత్రికులకు పాయసముగా, తీరువరకు తీర్చుచుండుమని ఆనతిచ్చెను. నాటినుండి ఆ యింటి పాయసములోని ప్రతి మెతుకును పద్దులో జమయగుచున్నదని భక్తుల విశ్వాసము. ఇప్పటికి ఎన్నవ గడివరకు వచ్చినదో లెక్క వ్రాసికొను స్వామికే యెరుక.