తదియ నాటి చీకటి

మా హాల్లో ఒక మూల నలభై గ్యాలన్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, బొటనవేలంత ముక్కల నుంచి పెంచుకొచ్చిన కొన్ని పగడాలు. రాత్రి కాగానే తెల్ల లైట్లు ఆరిపోతాయి. ఆ క్షణమే నీలం ఎల్ఈడీలు ఒక శాతం వెలుగుతో మొదలై, పొద్దున ఆరింటిదాకా అలాగే ఉంటాయి. ఈ హాబీలో ఉన్నవాళ్లు దీన్ని మూన్‌లైట్ అంటారు. ఎవరైనా అడిగితే, "పగడాలకి వెన్నెల కావాలండీ" అని చెప్పేవాణ్ణి.

రెండేళ్ల క్రితం అమ్మానాన్నా మా దగ్గరకి, హ్యూస్టన్‌కి, ఆరునెలలుండటానికి వచ్చారు. ఆ అక్టోబరులో అట్లతద్ది వచ్చింది. అమ్మకి ఉద్యాపన ఎప్పుడో అయిపోయినా ఉపవాసం మానలేదు. రాత్రి తొమ్మిదైంది. ఎదురు బిల్డింగు అడ్డమొచ్చి చందమామ ఇంకా కనపడలేదు. ఆవిడ బాల్కనీలోకీ హాల్లోకీ తిరుగుతోంది. చూళ్లేక, సరదాగా అన్నాను: "బయట ఎందుకమ్మా, మనింట్లోనే ఉన్నాడుగా చందమామ. చూసి తినెయ్."

అమ్మ ట్యాంకు వైపు ఒకసారి చూసింది. "అది నువ్వు స్విచ్చేస్తే వచ్చింది కదరా. దానికోసం ఎదురుచూసేదేముంది?" అని మళ్లీ బాల్కనీలోకి వెళ్లిపోయింది.

అప్పటికి నవ్వేశాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. పుట్టినచోటు నుంచి తెచ్చి పెట్టుకున్న ప్రాణికి, అక్కడుండేదాన్ని నకిలీ చేసి ఇవ్వడం ప్రేమా, మోసమా?

మోసం అనడం అంత తేలిక కాదు. తాడుని చూసి పామనుకోవాలంటే అనుకునేవాడొకడు ఉండాలి. పగడానికి మెదడు లేదు. 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, గ్రేట్ బారియర్ రీఫ్‌లో పెరిగే ఒక పగడంలో క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ల జన్యువులు ఉన్నాయని, వాటిలో ఒకటి అమావాస్య రాత్రి కన్నా పౌర్ణమి రాత్రి ఎక్కువ చురుగ్గా ఉంటుందని చూపించింది. నీలం వెలుగు తగిలితే ప్రోటీను స్పందిస్తుంది. అది చంద్రుడిదా, ఎల్ఈడీదా అన్న ప్రశ్న దానికి లేదు. ఆ మాటకొస్తే చంద్రుడిదీ అరువు వెలుగే.

నకిలీ పని చేస్తుందనడానికి రుజువు కూడా ఉంది. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం నీటి వేడినీ, పగటి పొడవునూ, చంద్రకళలనూ అసలు రీఫ్ క్యాలెండర్ ప్రకారం నడిపి, నాలుగు గోడల మధ్య పగడాల చేత గుడ్లూ వీర్యమూ విడుదల చేయించింది. ఆ వివరాలు 2017లో ప్రచురించారు. సముద్రం ముఖం చూడకుండానే, కరెంటు చంద్రుడి కింద పిల్లలు పుట్టాయి. కాబట్టి "నకిలీ గనక తప్పు" అనే వాదన నిలబడదు. పగడం వరకూ అది వ్యావహారిక సత్యమే.

మరి నా చంద్రుడి సంగతేమిటి? నిజానికి నిండు పౌర్ణమి వెలుగు ఒక లక్స్‌లో మూడోవంతు కూడా ఉండదు. పైగా అది నీలంగా కూడా ఉండదు, ఎండ కన్నా ఒక పిసరు ఎరుపే. మసక వెలుగులో మన కన్ను చేసే చమత్కారం కొంత, సినిమాలు నేర్పిన అలవాటు కొంత కలిసి వెన్నెల నీలమని మనకి అనిపిస్తుంది. నేను పెట్టింది వెన్నెల కాదు, వెన్నెల గురించి నాకున్న ఊహ. అదీ రోజూ పౌర్ణమే. ఇరవై తొమ్మిదిన్నర రోజుల్లో పెరిగి తరిగేదాన్ని నేను ఒక కాన్‌స్టెంట్‌గా రాసేశాను. కోడ్ రివ్యూలో ఇంకెవరైనా ఇలా రాస్తే ఊరుకునేవాణ్ణి కాదు.

అంతకన్నా పెద్ద దెబ్బ 2021 నాటి ఒక పేపర్ చదివినప్పుడు తగిలింది. తైవాన్‌లో ఒక జాతి పగడం మీద చేసిన పని అది. పౌర్ణమికి ముందు రోజుల్లో సూర్యుడు దిగేసరికే చంద్రుడు పైన ఉంటాడు. పౌర్ణమి దాటాక రోజురోజుకీ ఆలస్యంగా వస్తాడు. అస్తమయానికీ చంద్రోదయానికీ మధ్య కాస్త చీకటి పుడుతుంది. పగడాలు కనిపెట్టుకుని ఉండేది ఆ చీకటి కోసమేనట. అది తగిలిన కొన్ని రోజులకి అన్నీ ఒకేసారి గుడ్లు విడుస్తాయి.

అట్లతద్ది బహుళ తదియ. అంటే పౌర్ణమి వెళ్లిన మూడోనాడు. పొద్దుగూకాక, చంద్రుడొచ్చే లోపు ఉండే ఆ ఖాళీలోనే అమ్మ ఆకలితో బాల్కనీలో తచ్చాడింది. పగడాలకీ అట్లతద్దికీ ముడిపెట్టి మన పెద్దలకి అన్నీ తెలుసనే వాట్సప్ మెసేజ్ తయారుచెయ్యడం నా ఉద్దేశం కాదు. నాకు తోచింది ఒక్కటే. తెల్ల లైటు ఆరిన క్షణమే నీలం లైటు వెలిగే నా ట్యాంకులో ఆ ఖాళీ ఎన్నడూ లేదు. వెలుగు ఇస్తున్నాననుకుంటూ చీకటిని తీసేసుకున్నాను.

దానివల్ల నష్టం జరిగిందా అంటే చెప్పలేను. నా పగడాలు బాగానే పెరిగాయి. గుడ్లు పెట్టేంత పెద్దవీ కావు, పెట్టినా ఆ గుడ్లు ఫిల్టర్‌లోకే పోతాయి. "పెంపకమంటేనే పెంచేవాడి సరదా, ఇందులో నీతేముంది?" అని ఒక మిత్రుడు అడిగాడు. సరదా తప్పని నేనూ అనను. రాత్రి పనయ్యాక సోఫాలో కూర్చుని, నీలం వెలుగులో టెంటకిల్స్ విప్పుకున్న పగడాల్ని చూడటం నాకిష్టం. ఆ లైటు పెట్టుకున్నది అందుకే. కానీ "వాటి కోసం" అని చెప్పుకున్నాను. తాడుని పామనుకున్నది పగడం కాదు, నేను. హార్నిమన్ వాళ్ల చంద్రుడికీ నా చంద్రుడికీ తేడా అసలు, నకిలీలలో లేదు. వాళ్లది పగడాన్ని అడిగి పెట్టిన నకిలీ. నాది నన్ను అడిగి పెట్టుకున్నది.

ఇది నా ఒక్కడి ట్యాంకు గొడవైతే ఇంత రాసేవాణ్ణి కాదు. 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, తీరంలోని ఊళ్ల దీపాల వెలుగు పడేచోట పగడాలు ఒకటి నుంచి మూడు రోజులు ముందుగా, పౌర్ణమికి దగ్గరగా గుడ్లు విడుస్తున్నాయి. వెలుగు పడని పొరుగు రీఫ్‌లతో ముహూర్తం తప్పితే కలవాల్సినవి కలవవు. ఆ దీపాలు పెట్టినవాళ్లెవరూ దుర్మార్గులు కారు. చీకటి కూడా ఒకరి సొత్తని వాళ్లకి తోచలేదు, నాకు తోచనట్టే.

సముద్రంలో రాత్రి దానంతటదే వస్తుంది. గాజు గోడల మధ్య పెట్టాక అది నా బాధ్యత. ఇప్పుడు నా స్క్రిప్టు తిథి చూస్తుంది. అమావాస్యకి ఏమీ వెలగదు. పౌర్ణమికి వెలుగు మునుపటి కన్నా బాగా తక్కువ. తదియకి లైటు ఆలస్యంగా వస్తుంది. చాలా రాత్రులు సోఫాలో కూర్చుంటే నాకేమీ కనపడదు, పంపు చప్పుడు తప్ప. అసలు వాటిని పెంచడమే సబబా అనే ప్రశ్న అలాగే ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడి తీరానికి సుమారు వంద మైళ్ల అవతల, గల్ఫ్‌లో, ఫ్లవర్ గార్డెన్ బ్యాంక్స్ రీఫ్ ఉంది. ఏటా ఆగస్టు పౌర్ణమి వెళ్లిన వారం, పది రోజులకి అక్కడి పగడాలు గుడ్లు విడుస్తాయి. అక్కడికి నేనెప్పుడూ వెళ్లలేదు.

కిందటేడు అట్లతద్దికి అమ్మ ఊళ్లోనే ఉంది. అక్కడ మర్నాడు తెల్లవారాక ఫోన్ చేసింది. మాకు ఇంకా రాత్రి ఎనిమిదిన్నర.

"మీకు వచ్చాడా?" అంది.

బాల్కనీలోంచి చూశాను. ఎదురు బిల్డింగు, దాని పైన చీకటి.

"ఇంకా లేదమ్మా," అన్నాను.