కునుకులో నేరం

మెలకువగా ఉన్నంతసేపూ చక్కగా చెప్పి వెళ్లే రెండున్నరేళ్ల పిల్ల, మధ్యాహ్నం కునుకులో పక్క తడిపేస్తుంది. ‘‘అన్నీ తెలిసే చేస్తుంది!’’ అని వీపు మీద ఒక్కటి పడుతుంది. నిద్రపోతూ తెలిసి ఎలా చేస్తుందండీ?

మెలకువలో బిగపట్టుకోవడం నేర్పితే వచ్చే విద్య. నిద్రలో అలా కాదు, అది ఒంటికి వయసుతోనే రావాలి. అయిదేళ్లలోపు పక్క తడపడాన్ని డాక్టర్లు జబ్బుగా లెక్కెయ్యరు. మరి మన కోపం? ఉతకాల్సిన గుడ్డల మీద. వానాకాలంలో అయితే మరీనూ! కోపం రావచ్చు గానీ, దాన్ని పిల్ల నేరంగా రాయడం ఏం న్యాయం?

గద్వాల చీరకి ఒళ్లు నూలు, అంచు పట్టు. అటు వనపర్తి, నాగర్‌కర్నూలు దాకా ఏ ఇంట్లోనైనా, మెత్తబడిన పాత నూలుచీరలే పసిపిల్లల బొంతలు. కుట్టిన అమ్మమ్మ అది తడుస్తుందని తెలిసే కుట్టింది. ఇప్పుడు కునుకు వేళకి డైపర్ వేస్తే నేర్పిందంతా పోతుందని కొందరి భయం. పోదు. పడుకోబెట్టే ముందోసారి, లేవగానే ఓసారి కూర్చోబెడితే చాలు.

చుట్టాల ముందు ‘‘ఇంకా తడుపుతుందండీ’’ అని నవ్వడం మాత్రం నాకు నచ్చదు. మాటలు పూర్తిగా రాని పిల్లకైనా ఆ నవ్వు తన మీదేనని తెలుస్తుంది. మర్నాడు లేవగానే మనకి చెప్పదు, తడి బొంతని మంచం కిందికి తోసేస్తుంది.