గంగడోలు ఉంటేనే ఆవా?

ఒక ప్రోగ్రామర్ పైథాన్‌లో ‘శతకం’ అనే క్లాసు రాసుకుందనుకుందాం. లోపల పద్యాలను తనకు నచ్చినట్టు దాచుకుంటుంది, బయటివాళ్లకు మాత్రం అది మామూలు లిస్టులాగే ఉండాలి. అందుకు ఆమె రెండే మెథడ్లు రాసింది. ‘లెన్’ పద్యాలెన్నో చెబుతుంది. ‘గెట్‌ఐటెమ్’ అంకె ఇస్తే ఆ పద్యం తీసిస్తుంది. ఆ రెండింటితోనే ఫర్ లూపు నడిచింది! పైథాన్ సున్నా నుంచి ఒక్కో అంకె చొప్పున అడుగుతూ పోయి, ‘ఇండెక్స్ ఎర్రర్’ రాగానే ఆగుతుంది. ఫలానా పద్యం ఇందులో ఉందా అని ‘ఇన్’తో అడిగినా జవాబొస్తుంది.

అదే శతకాన్ని జేసన్ అనే డేటా రూపంలోకి మార్చమంటే పైథాన్ మొరాయిస్తుంది. అక్కడ నడతను చూడరు, వంశం అడుగుతారు: నువ్వు లిస్టువా, టపుల్‌వా, వాటి సంతానానివా? పీహెచ్‌పీ భాష తీరూ అంతే. ‘అర్రే యాక్సెస్’ను అమలు చేసిన ఆబ్జెక్టు చదరపు బ్రాకెట్లకు చక్కగా బదులిస్తుంది. అయినా ‘ఈజ్ అర్రే’ అని అడిగితే వచ్చే జవాబు కాదనే.

ఒక వస్తువును ఫలానా జాతిదని దేన్ని బట్టి అంటాం, పుట్టుకను బట్టా, నడతను బట్టా? కంప్యూటర్లు పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే మన తార్కికులు ఈ ప్రశ్నతో కుస్తీ పట్టారు. వాళ్లకు అందుబాటులో ఉన్న ఉదాహరణ ఆవు.

ఆంధ్రుడని పండితులు చెప్పే అన్నంభట్టు 17వ శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ రాసి, దానికి తానే ‘దీపిక’ అనే వ్యాఖ్య కూడా రాశాడు. లక్షణం చెప్పడంలో మూడు దోషాలుంటాయంటాడు. ఆవంటే కపిల వర్ణం గలది అంటే నల్లావులు, తెల్లావులు జారిపోతాయి, అది అవ్యాప్తి. కొమ్ములున్నది అంటే గేదె కూడా లోపలికొస్తుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట గలది అంటే ఏ ఆవుకూ పొసగదు, అది అసంభవం. ఈ మూడూ తగలని లక్షణం మెడ కింద వేలాడే గంగడోలు. గవయం అనే అడవి జంతువు ముచ్చటా ఆ గ్రంథంలోనే ఉంది. అది ఆవులాగే ఉంటుందని అడవివాడు చెబితే, విన్నవాడు అడవికి వెళ్లి దాన్ని చూసి గుర్తుపడతాడు. పోలిక వల్ల పేరు తెలిసింది, కానీ గవయం ఆవైపోలేదు.

మన ప్రోగ్రామర్ రాసిన రెండు మెథడ్లు కొమ్ముల్లాంటివి. డిక్షనరీకీ ఆ రెండూ ఉన్నాయి. కానీ అక్కడ బ్రాకెట్లో పెట్టేది వరుసలో స్థానం కాదు, కీ. పైకి కనిపించే ఆనవాళ్లతో తేల్చబోతే అతివ్యాప్తి తప్పదు. అందుకే 2007 నాటి పైథాన్ 3119వ ప్రతిపాదన ద్వారా వచ్చిన ‘సీక్వెన్స్’ అనే అమూర్త క్లాసు మెథడ్ల పేర్లు చూసి ఎవరినీ తనవాళ్లుగా ఒప్పుకోదు. దానికి వారసులై పుట్టాలి, లేదా ‘రిజిస్టర్’ చేయించుకోవాలి.

పోనీ, లిస్టు కడుపునే పుడితే? ఆమె శతకాన్ని లిస్టుకు సంతానంగా మార్చి, ప్రతి పద్యం చివరా మకుటం చేర్చి ఇచ్చేలా గెట్‌ఐటెమ్‌ను తిరగరాసింది. సున్నాతో అడిగితే మొదటి పద్యం మకుటంతో వచ్చింది. ఫర్ లూపులో మాత్రం ఏ పద్యానికీ మకుటం లేదు. లిస్టు నుంచి వచ్చిన ఇటరేటరు ఆమె మెథడ్‌ను పిలవకుండా నేరుగా లోపలి నిల్వలోంచి తీసుకుంటుంది. జేసన్ ఈసారి అభ్యంతరం చెప్పలేదు, కానీ పద్యాలు మకుటం లేకుండానే వెళ్లాయి. వంశం గుర్తింపు తెచ్చింది, ఆమె నేర్పిన నడతను పక్కన పెట్టేసింది.

ఇదే తగువును ఇద్దరు యువకులు బుద్ధుడి దగ్గరికి తెచ్చిన కథ సుత్తనిపాతంలోని వాసెట్ఠ సుత్తంలో ఉంది. రెండు వైపులా ఏడు తరాల శుద్ధి ఉంటేనే బ్రాహ్మణుడని భారద్వాజుడు, శీలమూ వ్రతమూ ఉన్నవాడే బ్రాహ్మణుడని వాసెట్ఠుడు వాదించారు. గడ్డికీ చెట్లకూ, చీమలకూ చేపలకూ పక్షులకూ పుట్టుకతో వచ్చిన గుర్తులున్నాయనీ, మనుషుల్లో తలలోగానీ చెవుల్లోగానీ కళ్లలోగానీ అలాంటి తేడా లేదనీ బుద్ధుడు చెప్పాడు. పశువులను కాచి బతికేవాడు రైతు, సరుకు అమ్మేవాడు వర్తకుడు, దొంగిలించేవాడు దొంగ. మనుషుల విషయంలో ఆ మాటకు తిరుగులేదు. పుట్టుకను చూసి మనిషిని గడప బయట నిలబెట్టడానికి ఏ తర్కమూ చాలదు.

లిస్టు విషయం వేరు. దానికి నిజంగానే ఒక గంగడోలుంది. సి భాషలో రాసిన పైథాన్ లోపల, మూలకాల చిరునామాలు మెమొరీలో ఒకదాని పక్కన ఒకటి వరుసగా పేర్చి ఉంటాయి. ఆ అమరికను నమ్ముకుని నేరుగా చదివే కోడు వంశం అడగడంలో న్యాయముంది. కానీ వరుసగా ఒక్కో పద్యం తీసుకుని చదివితే చాలనుకునే కోడుకు ఆ ప్రశ్నతో పనిలేదు.

చివరికి ఆమె లిస్టు వంశం వదిలేసి, శతకాన్ని సీక్వెన్స్ కింద రిజిస్టర్ చేయించింది. పైథాన్ ఒక్క మెథడైనా పరీక్షించకుండా ఒప్పుకుంది. ఆ తర్వాత ఎవరో ఒక పద్యం ఎన్నోదో ‘ఇండెక్స్’తో అడిగితే అలాంటి మెథడే లేదని ‘ఆట్రిబ్యూట్ ఎర్రర్’ వచ్చింది. ఆమె కూర్చుని ఇండెక్స్, కౌంట్ రాసింది. మైనస్ ఒకటి అడిగితే చివరి పద్యం రావాలని చూసుకుంది. పదో పద్యం నుంచి ఇరవయ్యో పద్యం దాకా కోసి ఇవ్వమన్నప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. లిస్టులో ముక్క కోస్తే వచ్చేదీ లిస్టే. పదకొండు పద్యాలను శతకమని ఎలా అంటారు? అక్కడ ఆమె మామూలు లిస్టునే తిరిగిచ్చింది.