అప్రస్తుత ప్రసంగం

నలుగురు తెలుగువాళ్ళు చేరినచోట మాట దారి తప్పకుండా ఉంటుందా? కథ గురించి మొదలై, వీసాల మీదుగా ఎన్నికల దాకా వెళ్తుంది. రచ్చబండ మీద అదేం తప్పు కాదు. పొద్దుపోయాక ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. మరి కంప్యూటర్ తెర మీద సాగే చర్చల్లో అప్రస్తుతం అనిపించిన ఉత్తరాన్ని ఆపే హక్కు ఎవరికైనా ఉండాలా?

1990లలో యూజ్‌నెట్‌లో తెలుగువాళ్ళకో చర్చావేదిక ఉండేది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేవారు. ముందుగా చదివి వడపోసేవాళ్ళు లేరు. ఆ స్వేచ్ఛను మెచ్చుకునేవాళ్ళ వాదన తేలిక: నచ్చకపోతే చదవకండి. కానీ వంద ఉత్తరాల్లో పనికొచ్చేవి పదే అయితే, ఆ పదీ ఏరుకునే శ్రమ ఎవరిది? ఆఫీసూ, పిల్లల హోంవర్కూ అయ్యాక పావుగంట చదువుదామని వచ్చేవాళ్ళది. వాళ్ళు దెబ్బలాడరు. చెప్పకుండా వెళ్ళిపోతారు. కాపలా లేనిచోట కూడా కొన్ని నోళ్ళు మూతపడతాయి. మూయించినవారు ఎవరో కనబడరు, అంతే.

అయితే కాపలా పెట్టేద్దామా? 2009 డిసెంబరు 9న కేంద్రం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించింది. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. ఆ మధ్యకాలంలో, తెలంగాణ యాసలో రాసిన కథ మీద చర్చలో, "ఈ భాషను మన సినిమాలు ఎలా చూపించాయి?" అని ఒకరు అడిగారనుకోండి. అది సాహిత్యమా, రాజకీయమా? "ఇక్కడ సాహిత్యం మాత్రమే" అని తలుపు వేసినాయన తాను ఏ పక్షమూ కాదనుకుంటాడు. నిజానికి అప్పటికే ఒక పక్కన నిలబడ్డాడు. పద్యాల చర్చ మధ్యలో, "మా ఊరి కుర్రాడు ఇక్కడ పోయాడు, ఇంటికి చేర్చడానికి సాయం కావాలి" అని ఉత్తరం వస్తే? నూటికి నూరుపాళ్ళు అప్రస్తుతమే. దాన్ని తీసేయడానికి ఎవరికి చెయ్యాడుతుంది?

లోక్‌సభ ఈ చిక్కును తనదైన పద్ధతిలో విప్పుకుంది. విషయం వదిలి మాట్లాడేవారిని, చెప్పిందే చెప్పేవారిని స్పీకర్ ఆపవచ్చు. కానీ ప్రశ్నోత్తరాల తర్వాత జీరో అవర్ ఉంది, 377వ నిబంధన కింద ప్రస్తావనలున్నాయి. అంటే నోరు మూయించకుండా, వేళ చూపించారు. మా వాషింగ్టన్ రాష్ట్రంలోనూ 2022 చట్టసవరణ ప్రకారం, తుది నిర్ణయం తీసుకునే మామూలు సమావేశాల్లో సిటీ కౌన్సిళ్ళు జనం మాట నోటితోనో రాతతోనో చెప్పుకోనివ్వాలి.

నేనుండే బాతెల్ సగం కింగ్ కౌంటీలో, సగం స్నోహోమిష్ కౌంటీలో ఉంటుంది. ఊరు ఒకటే, మధ్యలో గీత ఉంది. ఆ గీతతో ఎవరికీ పేచీ లేదు, ఎక్కడుందో అందరికీ తెలుసు గనక. రోజుకో చోటికి జరిగితేనే పోట్లాటలు. చర్చలకూ అంతే. నియమం ముందే రాసి ఉండాలి. దారి తప్పిన ఉత్తరాన్ని చింపకుండా పక్కగదిలోకి పంపాలి, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఆపద కబురుకు ఏ నియమమూ అడ్డు రాకూడదు.

ఇక కాపలాదారుకి నేను పెట్టే పరీక్ష ఒకటే. తన అభిప్రాయాన్నే బలపరిచే ఉత్తరం దారి తప్పి వస్తే, దాన్నీ పక్కగదికి పంపాడా? పంపితే, తాళంచెవి ఆయన దగ్గరే ఉండనివ్వండి.