ఉరిసే కిటికీకి పైపూత చాలునా?



ఒక మనిషి మనస్ఫూర్తిగా నమ్మి చేసిన పనివల్ల ఇతరులకు హాని కలిగితే, అతనిని దోషి అనవచ్చునా? "నేను నిజంగానే అలా నమ్మాను" అనే మాట అతనికి చాలినంత సమాధానమేనా? ఇది పెద్ద ప్రశ్న. పెద్ద ప్రశ్నను గాలిలో విచారిస్తే చివరకు మాటలే మిగులుతాయి. కనుక ఈసారి దానిని ఒక చిన్న వస్తువు పక్కన పెట్టి చూద్దామనుకొన్నాము. ఆ వస్తువు తెరచాప పడవ కిటికీకి ఉండే రబ్బరు పట్టీ. పనివారు దానిని గాస్కెట్ అంటారు.

పడవల సంగతి మనవారికి కొత్త కాదు. యానాము దగ్గరనున్న కోరంగి, తాళ్ళరేవు ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టుటలో పేరుపడిన ఊళ్ళు. కోరంగి రేవు పేరుమీదనే బర్మాలో తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు. కొయ్య పడవకు పలకల సందులలో నూలో, పీచో గట్టిగా కుక్కి, నూనెతో కాచిన గుగ్గిలము పూయడం మన తీరమంతటా తెలిసిన పని. సందు పాతబడి నీరు ఊరితే, పాత పీచు లాగివేసి కొత్తది కుక్కవలసిందే. పాతదానిమీద గుగ్గిలము పూసి ఊరుకొనేవాడిని ఎవరూ మంచి పనివాడని అనరు.

ఇప్పుడు మనం చెప్పుకొనేది వేరు రకము పడవ. బ్రిటను, హాలెండు, స్వీడను, అమెరికా వంటి దేశాలలో చాలా కుటుంబాలకు సొంత తెరచాప పడవలు ఉంటాయి. సెలవులలో అందులోనే వండుకొని, అందులోనే నిద్రపోతూ సముద్రము మీద తిరుగుతారు. 1960 తరువాత ఇవి ఎక్కువగా ఫైబర్‌గ్లాసుతో తయారైనవి. ఫైబర్‌గ్లాసు కుళ్ళదు కనుక ముప్పై, నలభై ఏండ్ల పడవలు కూడా ఇంకా తిరుగుతూనే ఉన్నవి. వాటి యజమానులను తరచు విసిగించే సంగతి ఒకటుంది. వాన పడినప్పుడు, అల ఎగిరి పడినప్పుడు కిటికీ ఉరుస్తుంది. పడుకొన్నవారి దుప్పటి తడుస్తుంది.

ఆ కిటికీ కట్టుబడి సులువుగా అర్థమయ్యేదే. అల్యూమినియము చట్రము, అందులో గాజుకు బదులు అక్రిలిక్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పలక, ఆ రెంటికీ నడుమ రబ్బరు పట్టీ. చట్రానికీ పడవ గోడకూ నడుమ మరొక మెత్తని పొర. అన్నింటినీ కలిపి బిగించే స్క్రూలు. ఎండకు పలకా చట్రమూ రెండూ వ్యాకోచిస్తాయి, కాని సమానంగా కాదు. అక్రిలిక్ వ్యాకోచము అల్యూమినియముకంటె సుమారు 3 రెట్లు. ఒక మీటరు పొడవున్న కిటికీ ఉదయపు చలినుండి మధ్యాహ్నపు ఎండకు 30 డిగ్రీలు వేడెక్కితే, పలక సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. చట్రము ఒక మిల్లీమీటరైనా సాగదు. ప్రతి దినమూ ఆ తేడాను ఓర్చుకొనేది నడుమనున్న రబ్బరు పట్టీయే. ఏండ్ల తరబడి ఎండకూ ఉప్పుగాలికీ అది గట్టిపడి, కుంచించుకొని, మూలలలో బీటలు వారుతుంది. అక్కడ నీరు దారి చేసుకొంటుంది.

అప్పుడు యజమానికి రెండు దారులు కనబడతాయి. మొదటిది, అంగడిలో సిలికాన్ గొట్టము కొని తెచ్చి, చట్రము చుట్టూ బయటినుండి ఒక వరుస పూసి వేలితో నునుపు చేయడం. ఇది అరగంట పని. రెండవది, కిటికీని మొత్తము ఊడదీసి, పాత పట్టీ తీసివేసి కొత్తది వేయడం. ఇది రెండు మూడు దినాల పని. ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ.

మొదటి దారిలో ఒక విచిత్రమున్నది. అది పనిచేసినట్టే కనబడుతుంది. ఒక వానకాలమో రెండో చుక్క పడదు. కాని కొన్ని చట్రాలలో అడుగు అంచున సన్నని రంధ్రాలుంటాయి. లోపలికి చేరిన నీరు బయటికి పోవడానికి తయారుచేసినవారు పెట్టినవి అవి. తొందరపడి పూసినవాడు వాటిని కూడా మూసివేస్తాడు. బయటికి పోవలసిన నీరు లోపలే నిలిచిపోతుంది. అంతేగాక పడవ పైకప్పు, గోడలు చాలాచోట్ల ఒకే పొరతో చేసినవి కావు. రెండు ఫైబర్‌గ్లాసు పొరల నడుమ బాల్సా అనే తేలికైన కొయ్యో, ప్లైవుడ్డో ఉంటుంది. కిటికీ కోసినచోట ఆ కొయ్య అంచు తెరుచుకొని ఉంటుంది. నీరు అందులోకి ఇంకితే కొయ్య మెత్తబడి కుళ్ళుతుంది, పొరలు విడిపోతాయి. బయటికి మాత్రము తెల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. కాలు పెడితే పైకప్పు మెత్తగా దిగినప్పుడు గాని సంగతి తెలియదు. అప్పటికి రబ్బరు పట్టీతో పోయే పని కాస్తా పడవ గోడనే కోసి కట్టవలసిన పని అవుతుంది.

రెండవ దారిలో మొదటి పని ఊడదీయడము కూడా కాదు, కనుగొనడము. చుక్క పడిన చోటే చిల్లు ఉంటుందని అనుకోరాదు. నీరు ఒకచోట దూరి, లోపలి చెక్క వెనుకగా జారి, ఎక్కడో మూరెడు దూరాన పడవచ్చును. అందుచేత ఒకరు లోపల దీపముతో కూర్చుంటారు. మరొకరు బయట గొట్టముతో నీళ్ళు పోస్తారు. ముందు క్రింది అంచున పోసి, కొద్ది నిమిషాలు ఆగి, మెల్లగా పైకి వస్తారు. పైనుండి మొదలుపెడితే నీరు కిందంతా పారి అంతా తడుస్తుంది, చిల్లు ఏదో తెలియదు. పలకకూ రబ్బరుకూ నడుమ నీరు వస్తున్నదా, చట్రానికీ గోడకూ నడుమ వస్తున్నదా అని తేల్చుకోవాలి. ఒకదానికి చేసే మందు రెండవదానికి పనిచేయదు.

తరువాత స్క్రూలు తీయాలి. అల్యూమినియములో ఉక్కు స్క్రూ ఉప్పునీటికి పట్టుకొనిపోయి ఉంటుంది కనుక ఓపిక కావాలి. పాత సిలికాన్ అంతా గీకివేయాలి. దాని జిడ్డు కొంచెమున్నా కొత్త పూత అంటుకోదు. శుభ్రము చేస్తామని అసిటోన్ వంటి ద్రావకము వాడితే అక్రిలిక్ పలకలో వెంట్రుక వాసి పగుళ్ళు పుడతాయి. గోడ అంచులో తడిసిన కొయ్య ఉంటే తవ్వివేసి, ఆరనిచ్చి, ఎపాక్సీతో నింపాలి. పాత పట్టీ ముక్కను దాచుకొని, అదే ఆకారమున్న కొత్తది తేవాలి. దానిని సాగదీసి అమర్చరాదు. సాగదీసిన రబ్బరు కొద్ది దినాలలో తన పొడవుకు తాను వెళ్ళిపోతుంది, అతుకు దగ్గర సందు మిగులుతుంది. అందుకే కొంచెము పొడవుగా కోసి, సబ్బునీటితో జారవిడుస్తూ నెట్టుతారు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాము. మొదటి దారి పట్టిన యజమాని అబద్ధమాడినవాడా? అతడు ఎవరితోనూ ఏమీ అనలేదు. "కిటికీ బాగైంది" అని తనలో తాను అనుకొన్నాడు, అంతే. చుక్క ఆగింది కనుక నిజంగానే నమ్మాడు.

1877లో విలియం క్లిఫర్డ్ అనే ఆంగ్ల గణితవేత్త నమ్మకము యొక్క నీతినిగూర్చి ఒక వ్యాసము వ్రాశాడు. అంతకు ఏడేండ్ల ముందు గ్రహణము పరిశీలించబోయి, సిసిలీ తీరాన ఓడ పగిలి, ప్రాణాలతో బయటపడినవాడాయన. ఆ వ్యాసారంభములోనే ఒక ఓడ యజమాని కథ ఉన్నది. ఓడ పాతది, మొదట కట్టినప్పుడే అంత గట్టిది కాదు, ఎన్నోమార్లు మరమ్మతు అవసరమైనది. వలస పోయే కుటుంబాలను ఎక్కించి దానిని పంపవలసి ఉన్నది. యజమానికి అనుమానము కలిగింది. బాగుచేయించాలంటే ఖర్చు. అప్పుడతడు తనకు తాను నచ్చచెప్పుకొన్నాడు. ఎన్ని ప్రయాణాలు చేసి క్షేమంగా రాలేదు ఇది? దేవుడు ఈ కుటుంబాలను కాపాడడా? కట్టినవారిని శంకించడము మంచితనమా? ఇలా అనుకొని అనుకొని, చివరకు నిజంగానే నమ్మాడు. తేలిక మనస్సుతో ఓడను సాగనంపాడు. అది నడిసముద్రములో మునిగింది. అతడు భీమా సొమ్ము తీసుకొన్నాడు.

క్లిఫర్డ్ తీర్పు కఠినమైనది. ఆ యజమాని నమ్మకము నిజమైనదే, కాని అలా నమ్మే హక్కు అతనికి లేదు. ఆ నమ్మకము ఓపికగా పరీక్షించి సంపాదించినది కాదు, అనుమానాలను అణచివేసి సంపాదించినది. ఆయన మరొక మెట్టు పైకి వెళ్ళి, ఆ ఓడ క్షేమంగా చేరినా యజమాని దోషము తగ్గదన్నాడు. తేడా అంతా దోషము బయటపడకపోవడమే.

కథలోని ప్రయాణికులు వలస కుటుంబాలన్న మాట దగ్గర మన పాఠకులు ఒక క్షణము ఆగుతారనుకొంటాము. మన పెద్దలలో ఓడ ఎక్కి రంగూను వెళ్ళినవారున్నారు. ఎక్కేవాడు ఓడ పలకలను తట్టి చూడలేడు, అడుగుభాగాన్ని పరీక్షించలేడు. నమ్మి ఎక్కుతాడు. విప్పి చూడగలిగినవాడు ఒక్కడే, ఓడ ఎవరి చేతిలో ఉన్నదో అతడు. కనుక చూడవలసిన భారమంతా అతనిమీదనే పడుతుంది.

కిటికీ ఉరిసినంత మాత్రాన పడవ మునగదు కదా అంటారేమో. నిజమే, దానిని ప్రాణహానితో సమానము చేసి భయపెట్టడము మా ఉద్దేశము కాదు. కాని తేడా కొలతలోనే గాని తీరులో కాదు. ఆ పడవలో పడుకొనే అతిథి ఉన్నాడు. రేపు దానిని కొనే మనిషి ఉన్నాడు. కొనేవాడు "కిటికీలు ఉరుస్తాయా?" అని అడిగితే, పైపూత పూసినవాడు "లేదండీ" అని ఏ తడబాటూ లేకుండా చెబుతాడు. తాను నమ్మినదే చెబుతున్నాడు. అయినా అతని నోటినుండి వచ్చినది నిజము కాదు. పూత పూసిన దినాననే తన నాలుకను ఆ అబద్ధానికి సిద్ధము చేసుకొన్నాడు.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణలు రెండున్నవి. మొదటిది, నడిసముద్రములో గాలివాన మధ్య కిటికీ ఊడదీసి కూర్చుంటారా అని. ఊడదీయరు, ఊడదీయరాదు కూడా. చేతికి దొరికినది పూసి, గుడ్డ కుక్కి రేవు చేరడమే అప్పటి ధర్మము. చేతిలో డబ్బు లేనివాడు ఒక కాలము పూతతో నెట్టుకొచ్చినా తప్పుపట్టలేము. తాత్కాలికమైన పూత అబద్ధము కాదు. అది తాత్కాలికమన్న సంగతిని మరచిపోవడముతో అబద్ధము మొదలవుతుంది. పడవలలో ప్రయాణ వివరాలు వ్రాసే పుస్తకమొకటి ఉంటుంది. "ఫలానా తేదీన ఎడమవైపు రెండవ కిటికీకి పైపూత మాత్రమే వేయడమైనది, పట్టీ మార్చవలసి ఉన్నది" అని అందులో ఒక పంక్తి వ్రాసిపెడితే చాలు. ఆ పంక్తి యజమాని మనస్సును నిద్రపోనివ్వదు, కొనేవాడిని మోసపోనివ్వదు.

రెండవది, ప్రతిదానినీ పరీక్షించి గాని నమ్మరాదంటే బ్రతుకు సాగుతుందా అని. అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1896లో క్లిఫర్డుకు జవాబుగా ఇటువంటి మాటే చెప్పాడు. కొన్ని విషయాలలో సాక్ష్యము చాలకపోయినా తేల్చుకోక తప్పదనీ, అక్కడ మనస్సు మొగ్గినవైపు నమ్మే హక్కు మనిషికి ఉన్నదనీ ఆయన వాదము. అందులో సత్యమున్నది. స్నేహము, వివాహము, విశ్వాసము స్క్రూ విప్పి చూసి తేల్చుకొనేవి కావు. కాని కిటికీ అలాంటిది కాదు. దానికి స్క్రూలున్నవి. విప్పితే తెలుస్తుంది. విప్పి చూడగలిగిన చోట "నమ్మకము" అనే గొప్ప మాటను అడ్డుపెట్టుకోవడము ఆ మాటకే అవమానము.

కనుక "నేను నిజంగా నమ్మాను" అనే సమాధానము చాలునా అన్న ప్రశ్నకు మా జవాబు ఇది. ఆ నమ్మకము ఎలా వచ్చినదో చెప్పనిదే చాలదు. చూసి నమ్మినవాడు పొరబడినా గౌరవానికి తగినవాడే. ఎంత జాగ్రత్తగా వేసిన పట్టీ అయినా ఒకనాడు మళ్ళీ గట్టిపడుతుంది, అది అతని దోషము కాదు. చూడడము ఇష్టములేక నమ్మినవాడు మాత్రము, చుక్క పడకపోయినా, జవాబు చెప్పుకోవలసిన స్థితిలోనే ఉన్నాడు.

పడవ లేనివారమైనా మనలో ప్రతి ఒక్కరి చేతిలోనూ ఇతరులు నమ్మి ఎక్కిన పడవ ఏదో ఒకటి ఉంటుంది. అద్దెకిచ్చిన ఇల్లు కావచ్చు, సంఘపు లెక్కల పుస్తకము కావచ్చు, మన మాటమీద పిల్లకు కుదిర్చిన సంబంధము కావచ్చు. అక్కడ చుక్క ఆగినప్పుడు సంతోషపడే ముందు ఒక్క ప్రశ్న వేసుకొందాము. నీరు రావడము ఆగినదా, లేక మనకు కనబడడము ఆగినదా? జవాబు తెలియకపోతే, ఆరిన దినము చూసుకొని ఒకరిని లోపల కూర్చోబెట్టి, క్రింది అంచునుండి నీళ్ళు పోసి చూద్దాము.